ఏడు నెలలకి ఒక్క మాట

పోయిన వారం మా మనవణ్ణి బడిలో చేర్పించడానికి మా అమ్మాయితో కలిసి పంజాగుట్టలో ఒక స్కూలుకి వెళ్ళాను. దరఖాస్తు నాలుగు పేజీలుంది. మూడేళ్ళవాడి గురించి నాలుగు పేజీలు రాయడానికి ఏముంటుందా అనుకుంటూ మా అమ్మాయి నింపుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నాను. మూడో పేజీలో 'పిల్లలకు ప్రత్యేక అవసరాలు ఏమైనా ఉన్నాయా?' అని ఒక ప్రశ్న. అది పూర్తిగా చదవకుండానే 'లేవు' అన్నచోట టిక్కు పెట్టి పేజీ తిప్పేసింది. తప్పేం లేదు, ఆ తల్లికి ఆగవలసిన పని లేదు. నేను మాత్రం ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

అమీర్‌పేటలో ఒక సందులో, రెండంతస్తుల పాత ఇంట్లో నడిచే చిన్న బడిలో నేను పన్నెండేళ్ళు నర్సరీ పిల్లలకి టీచర్ని. చుట్టూ ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చే కుర్రాళ్ళు ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఒక చేత్తో చట్నీ, ఒక చేత్తో నోట్సు పట్టుకుని చదువుకునేవారు. డెమో క్లాసుల కరపత్రాలు పంచేవాళ్ళు మొహమాటం లేకుండా మా పిల్లల చేతుల్లోనూ తలా ఒకటి పెట్టేవారు. మా వాళ్ళు వాటితో పడవలు చేసుకునేవారు. గుంటూరు నుంచి పెళ్ళయి వచ్చినదాన్ని, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంట్లో తోచక ఆ బడిలో చేరాను. నాకొచ్చిన విద్యలల్లా నాలుగు పాటలు, రెండు కథలు, ముక్కులు తుడవడం.

ఆ ప్రశ్న చూడగానే గుర్తొచ్చిన పాప మా దగ్గరికి మూడున్నరేళ్ళ వయసులో వచ్చింది. తండ్రి పంజాగుట్టలో టైలర్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. పాపకి మాత్రం ఏ భాషా లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. గుమ్మం బయట పిల్లలు విడిచిన చెప్పులన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా బారుగా పేర్చేది. పక్క మేడలో జనరేటర్ మోగితే చెవులు రెండూ గట్టిగా మూసుకుని నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చేది. నేను పాటలు పాడాను, బొమ్మలు చూపించాను, అరిచాను కూడా. ఏదీ ఆమెని తాకినట్టు అనిపించలేదు.

దారి కనిపెట్టింది మా ఆయా. కరీంనగర్ వైపు మనిషి, సంతకం కూడా రాదు. పాపకి నీళ్ళు పోస్తుంటే చూడటం ఇష్టమని ముందుగా గమనించింది ఆవిడే. రోజూ స్టీలు గ్లాసు పాప ముందు పెట్టి, చెంబు పైకెత్తి పట్టుకుని, "అడుగు బిడ్డా, పోస్త" అని ఆగిపోయేది. పాప ఆవిడ చెయ్యి లాగేది, ఏడ్చేది. చిన్న చప్పుడు చేసినా సరే, కొంచెం పోసేది. ఇలా వేసవి పోయి వానలు, వానలు పోయి చలి వచ్చింది. ఏడో నెలలో ఒక ఉదయం, "పానీ" అంది పాప. మెల్లిగా, గ్లాసుతో చెబుతున్నట్టు. మధ్యాహ్నం తల్లి వస్తే ఆమె ముందు మళ్ళీ అనిపించాం. ఆవిడ మెట్టు మీద కూలబడి, "ఇంకొక్కపారి, ఇంకొక్కపారి" అంటూ అడిగించుకుంది. అలా ఐదు గ్లాసులు తాగి పాప గౌనంతా తడుపుకుంది. ఇంటికి తీసుకెళ్ళడానికి మా బడి పిల్లవాడి నిక్కరు తొడగాల్సి వచ్చింది. ఆ రోజు మేమంతా నవ్విన నవ్వు ఆ బడిలో మళ్ళీ వినలేదు.

మరుసటి నెల ఆటల పోటీలకని బడి ముందు మైకు పెట్టారు. ఆ హోరు తట్టుకోలేక పాప పక్కనున్న అబ్బాయి చెయ్యి కొరికింది. నెత్తురు రాలేదు కానీ పళ్ళ గుర్తులు పడ్డాయి. సాయంత్రానికి నలుగురు తల్లులు వచ్చారు. మా పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు. "నాకు మాత్రం ఇష్టమా చెప్పండి? నలుగురూ పిల్లల్ని మాన్పించేస్తామంటున్నారు. మీరు క్లాస్ టీచరు కదా, మీరు రాస్తేనే బాగుంటుంది," అంది. రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవారు. 'ఈ పాప అవసరాలకు మా బడి సరిపోదు. ప్రత్యేక శిక్షణ ఇచ్చే చోట చేర్పించవలసిందిగా మనవి.'

తల్లికి తెలుగు చదవడం రాదు. నన్నే చదివి చెప్పమంది. చదివాను. కాగితం మీద వేలు పెట్టి, "మీ బడి సరిపోదు, సరే. ఏ బడి సరిపోతదో గా పేరు సుత రాయుండ్రి మేడమ్," అంది.

నా దగ్గర పేరు లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయా, "రెండు గంటలన్న ఉండనియ్యుండ్రి, నేను చూసుకుంట," అంది. పెద్ద మేడమ్ నా వైపు చూసింది. నేను ఔనని ఉంటే ఏమయ్యేదో తెలియదు. నేను కాగితం మడిచి ఇచ్చాను.

ఆరేళ్ళలోపు నేర్పిందే ఎక్కువగా నిలుస్తుందని వాళ్ళకి డాక్టరు చెప్పాడట. తల్లి ఆ మాట పట్టుకుని తిరిగింది. పంజాగుట్టలో ఒక థెరపీ సెంటర్‌లో ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. ఊరి ఆ చివర ఎక్కడో ప్రత్యేక బడి ఉందంటే రెండు బస్సులు మారి వెళ్ళింది. హారన్లకి పాప దారిలోనే నేల మీద పడి దొర్లేది. పాప బడి మానిన నాలుగో నెలలో తల్లి మా గేటు దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు పానీ అంటలేదు మేడమ్. గ్లాసు చూపిస్తే మొహం తిప్పుకుంటది. మీ ఆయాను జర పిలుస్తరా?" అంది. ఆయా అప్పటికే మానేసి ఏదో హాస్టల్లో వంటకి చేరింది. కనుక్కుంటానన్నాను. రేపనుకున్నాను, ఎల్లుండనుకున్నాను. ఈలోగా యూనిట్ పరీక్షలొచ్చాయి. మూడేళ్ళ పిల్లలకి యూనిట్ పరీక్షలు! వాటి పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

నిరుడు ఎర్రగడ్డ రైతు బజార్లో టమాటాలు ఏరుతుంటే ఎవరో "సలాం మేడమ్" అన్నారు. ఆ తల్లే. జుట్టు సగం నెరిసింది. పక్కన తల్లిని మించి ఎదిగిన పిల్ల, మణికట్టుకి తల్లి చున్నీ కొస కట్టి ఉంది. పిల్ల నా వైపు చూడలేదు; తక్కెడ పైకీ కిందకీ ఊగడం చూస్తోంది.

"పాప ఏ బడికి వెళ్తోందమ్మా?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"యాడికి పోతది మేడమ్? పోయినప్పుడల్ల ఇంకో ఆరు నెలలన్నరు, సెంటర్ల వంతు వచ్చేసరికి ఆరేండ్లు దాటినయ్. కొన్నాళ్ళు తిప్పినం, ఏం రాలే. ఇప్పుడు ఇంట్లనే." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకోగలిగేదాన్ని. "ఎవరన్న అడిగితే మీ బడి పేరే చెప్త. గా ఎనిమిది నెలలే కదా దాని చదువు."

క్షమించమని అందామనుకున్నాను. వెనకనుంచి ఎవరో తొందరపెట్టారు, ఆవిడ పిల్లని పట్టుకుని జనంలోకి వెళ్ళిపోయింది. ఆరు నెలలాగమని చెప్పినవాళ్ళున్నారు, రేపు కనుక్కుంటానన్న నేనున్నాను. ఇన్నిసార్లు ఆగమన్నాం కానీ, పిల్లల వయసు ఎవరు ఆగమన్నా ఆగేది కాదు.