యారాలి వైపు పడవ

మా అత్తగారింటి పడవ గోదావరిలో నడిచేది. ఈ ఒడ్డు కరీంనగర్ జిల్లా, ఆ ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. సంతకు పోయేవాళ్లు, పెళ్లిళ్లకు పోయేవాళ్లు, మేకలు తోలుకుపోయేవాళ్లు అందరూ మా పడవే ఎక్కేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా ఆయన, మరిది ఇద్దరూ బొగ్గుబాయి పనికి పోయారు. మామ గడ వేసి పడవ నడపగలడు కానీ చూపు తగ్గి పలకల సందులు కనబడేవి కావు. అందుకని ఎండాకాలం నీళ్లు తగ్గాక పడవ బాగుచేసే పని కోడళ్లిద్దరి మీద పడింది.

నేను పెద్ద కోడలిని. నా యారాలు, అంటే మరిది భార్య, ఆ ఏడే కాపురానికి వచ్చింది. వాళ్ల బాపు బాసర దిక్కున పడవలు చేసేవాడట. ఇక మామ నోట ఎప్పుడూ ఆమె మాటే. కూరలో ఉప్పు గురించి తప్ప నాతో మాట్లాడని మనిషి, ఆమెతో టేకు పలకల గురించి పొద్దుగూకేదాకా ముచ్చట పెట్టేవాడు. వింటుంటే నాకు కడుపు మండిపోయేది.

పడవను ఇసుక మీదికి లాగి బోర్లించారు.

“ఎడమ దిక్కు పెద్దది చూస్తది, కుడి దిక్కు చిన్నది చూస్తది” అన్నాడు మామ.

నాకది పందెమే అయింది. పాత డాంబరు గీకేశాను. కుళ్లిన నార పీకేశాను. కొత్త జనపనార పేని, నూనెలో ముంచి, ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఇక పట్టదనేదాకా సందుల్లో కుక్కాను.

యారాలు మాత్రం తన వైపు గీకడం అయ్యాక తడి గోనెసంచులు కప్పి, నీళ్లు చల్లుతూ కూర్చుంది.

“ఏందే చెల్లె, పడవకు జరమొచ్చిందా? తడిబట్టలు కప్పినవ్!” అన్నాను.

“కట్టె ఎండి సందులు నోరు తెరిచినయక్కా. జర నాననీ, అప్పుడు కుక్కుదాం. నువ్వు గూడ ఆగితె బాగుండు.”

నాకు పాఠం చెప్పేంతదైందా అనుకున్నాను. “నా దిక్కు నేను చూసుకుంట. నీకెందుకు ఫికర్?” అని సుత్తి అందుకున్నాను.

నాదే ముందు అయిపోయింది. మామకు చెప్తే “అట్లనా” అన్నాడు, అంతే.

ఆమె పనీ అయ్యాక డాంబరు పూసి పడవను నీళ్లలోకి దించాం. నీళ్లు తాగినకొద్దీ పలకలు ఉబ్బాయి. నేను బిగించిన నార చోటు చాలక సందుల్లోంచి బయటికి తన్నుకొచ్చింది. పలకకు కొట్టిన ఇనుప మొల ఒకటి కూడా ఊడింది. నా వైపు నీళ్లు కారుతుంటే ఆమె వైపు చుక్క రాలేదు.

మామ చేత్తో తడిమి చూసి, “చిన్నది చెప్పింది ఇనకపోతివా బిడ్డా?” అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు, అదీ ఆమె ఊసెత్తి!

పడవను మళ్లీ ఒడ్డుకు లాగాం. యారాలు గోనెసంచులు పట్టుకుని నా వైపుకు వచ్చింది. నేను వద్దనలేదు, పలకరించనూ లేదు. నార ఎంత వదులుగా పెట్టాలో, ఉలి ఎక్కడ ఆపాలో ఆమె చేతులు చూసి నేర్చుకున్నాను. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

కొన్నేళ్లకు మరిదికి కంపెనీ క్వార్టర్ దొరికి ఆమె వెళ్లిపోయింది. మా ఆయనకు దొరకలేదు. వాళ్లింట్లో కరెంటు దీపమట, గుమ్మం ముందే నీళ్ల నల్లా అట. ఇప్పుడు ఆ దీపం మీద, ఆ నల్లా మీద కుళ్లుకోవడం మొదలుపెట్టాను. పడవ పనంతా నా చేతికొచ్చింది. ఏటా నానబెట్టి, నార కుక్కి, డాంబరు పూసేదాన్ని. చుక్క నీరు రాకపోతే మామ పలకలు తడిమి, “అచ్చం చిన్నదాని చేతిపనే” అనేవాడు. ఆ మెప్పు కూడా నాకు సగమే దక్కేది.

ఒక ఎండాకాలం ఆమె చుట్టపుచూపుగా వచ్చింది. కాళ్లకు చెప్పులు, ఒంటిమీద కొత్త చీర. నేను పడవ దగ్గర ఉంటే పక్కన కూర్చుని, “ఇటియ్యక్కా, గా సందు నేను కుక్కుత” అని ఉలికి చెయ్యి చాచింది.

“చీర ఖరాబైతది. చుట్టానివి, కూసో” అన్నాను.

“నేను చుట్టాన్నెట్లయిత?” అంది. “గా క్వార్టర్ల నాకేం పనుందక్కా? వండుడు, తలుపు పెట్టుకొని కూసునుడు. నిన్న మామ నీ పని గురించి చెప్తుంటె నాకెంత కుళ్లు పుట్టిందో!”

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ మాట మాత్రం నాకు చల్లటి నీళ్లు తాగినట్టుంది. ఉలి ఇవ్వలేదు.

ఆమె లేచి వెళ్లింది. కాసేపటికి పడవ అవతలి వైపు నుంచి సుత్తి చప్పుడు వినబడింది. ఇంట్లోంచి మామ పాత ఉలి తెచ్చుకున్నట్టుంది. నేనూ చెయ్యి వేగం పెంచాను.