పార్కులో మా అత్తగారి మధ్యాహ్నాలు

మా అత్తగారు పోయారని ఫోను వచ్చేసరికి నేను పిల్లల ఈత బట్టలు సంచిలో సర్దుతున్నాను. మర్నాడు అందరం కలిసి రైడ్లూ నీళ్ళాటలూ ఉండే పార్కుకు వెళ్ళాల్సింది. కోయంబత్తూరు పక్కన కారమడై దగ్గర మా ఊళ్ళో ఆవిడ తెల్లవారగానే అరటితోటకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయారట. డెబ్బై ఒక్కేళ్ళు. ఒక్కరోజు కూడా మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు. మా మరిది చెప్పిందంతా విని, ఫోను పెట్టేసి, సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆవిడ గురించి రాయాలంటే తోట గురించీ ఆవుల గురించీ రాయాలి. వాటి గురించి చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నా వంతుకు మిగిలింది పార్కు. చిన్నపిల్లలతో పార్కులో ఒక పూర్తి రోజు ఎలా గడపాలో నాకు నేర్పింది, జన్మలో ఒక్క రంగులరాట్నమైనా ఎక్కని ఆ మనిషే.

మా పిల్లలు పగలు నిద్రపోరు. పెద్దది రెండేళ్ళకే మానేసింది, చిన్నవాడికి అసలు అలవాటే కాలేదు. జోకొడుతూ కూర్చుంటే నాకే కళ్ళు మూతలు పడేవి. అలాంటి పిల్లలు మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎలా తయారవుతారో, అలాంటివాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళాం. మా ఆయనకు సెలవు దొరక్క అత్తగారు తోడొచ్చారు. నాది కోయంబత్తూరులో ఆఫీసు ఉద్యోగం, ఏ పనైనా పట్టిక వేసుకుని చేయడం నా అలవాటు. ఏ రైడు ఎప్పుడు ఎక్కాలో ఫోనులో రాసుకుని, గేటు తీసింది మొదలు పిల్లల్ని పరుగులు పెట్టించాను. అన్నం కూడా క్యూలో నిలబెట్టే తినిపించాను. ఆవిడ చెప్పులు చేత పట్టుకుని మా వెనకాల నడుస్తూ, కాసేపు కూర్చుందామని రెండుసార్లు అన్నారు. నేను వినిపించుకోలేదు. మూడింటికి పడవ రైడు క్యూలో, అప్పటికి మూడేళ్ళవాడైన మా చిన్నవాడు నేల మీద పడి దొర్లాడు. లేపబోతే నా చేయి కొరికాడు. అందరూ చూస్తుండగా వాడి చెంప మీద కొట్టాను. నా వేళ్ళు తేలాయి.

అత్తగారు నన్ను తిట్టలేదు. వాణ్ణి ఎత్తుకుని వేపచెట్టు నీడకు తీసుకెళ్ళి, కొంగు తడిపి చెంప తుడిచారు. వాడు సద్దుమణిగాక నన్ను పిలిచారు.

"కూకో అమ్మణీ. వాడు అలిసిపోయినాడని నువ్వు అనుకుంటా ఉండావు. ముందు అలిసింది నువ్వు. అలిసినోళ్ళకే చెయ్యి లేచేది."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజమని నాలో నేను ఒప్పుకోవడానికే నెల పట్టింది.

తర్వాతి సారి రోజంతా ఆవిడ చేతిలో పెట్టేశాను. ఆవిడకు తెలిసిన పద్ధతి ఒక్కటే, తోటది. ఒక మడి నిండాకే నీళ్ళు ఇంకో మడికి తిప్పాలి. అలాగే ఒక రైడు దిగాక, పిల్లలు దాని ముచ్చట్లు చెప్పుకోవడం అయ్యేదాకా ఇంకోటి లేదు. అదే మూడుసార్లు ఎక్కుతామంటే మూడుసార్లూ అదే. దాహం అనకముందే నీళ్ళు, ఆకలి అనకముందే అన్నం. గేటు దగ్గర బయటి తిండి కూడదని ఆపితే, ఇది తిండి కాదు, పిల్లల మందు అని తమిళంలో దబాయించి పెరుగన్నం డబ్బా లోపలికి తెచ్చేవారు. ఆ దబాయింపుకు నేను సిగ్గుతో నాలుగడుగుల దూరంలో నిలబడేదాన్ని. అన్నం మాత్రం తినేదాన్ని.

ఇక మధ్యాహ్నం. మా వైపు తోటలకు త్రీ ఫేజు కరెంటు రోజంతా ఉండదు. అది పోతే మోటారు ఆగుతుంది, పని ఆగుతుంది, అందరూ నీడకు చేరతారు. మళ్ళీ వచ్చేదాకా ఎవరూ తొందరపడరు. పార్కులో కూడా పన్నెండు కాగానే ఆవిడ భవాని ఊళ్ళో నేసిన జంపఖానా పరిచి, మన త్రీ ఫేజు పోయిందని పిల్లలకు చెప్పేవారు. ఎదురుగా జెయింట్ వీలు తిరుగుతూనే ఉండేది. అది వాళ్ళ కరెంటు, మనది రెండింటికి వస్తుంది అనేవారు. సెలవులన్నీ తోటలో గడిపే మా పిల్లలకు అందులో వింతేమీ కనబడలేదు.

పడుకోమని మాత్రం ఎవరినీ అనేవారు కాదు. నిద్ర రానివాణ్ణి పడుకోమంటే వాడికీ మనకూ పోట్లాటే తప్ప ఇంకేమీ ఉండదని ఆవిడ అభిప్రాయం. పచ్చి వేరుశనక్కాయలు వాళ్ళ ముందు పోసేవారు. ఒలిచినవి ఒలిచినవాళ్ళ నోట్లోకే. కాళ్ళు మాత్రం ఆ జంపఖానా దాటకూడదు. వాళ్ళు ముగ్గురూ కాయలు ఒలుస్తుంటే నేను, చెప్పుకోడానికి సిగ్గేగానీ, గుర్రుపెట్టి నిద్రపోయేదాన్ని. ఆ రెండేళ్ళలో మేము అయిదుసార్లు వెళ్ళాం. నా చేయి మళ్ళీ లేవలేదు.

పదహారో రోజు కర్మ అయ్యాక, పోయిన ఆదివారం పిల్లలను నేనొక్కదాన్నే తీసుకెళ్ళాను. పెద్దది అడిగింది, కాదనలేకపోయాను. ఆవిడ చేసినట్టే అన్నీ చేశాను. కానీ నీడలో ముగ్గురం కూర్చున్నప్పుడు పిల్లల్ని చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు గనక నేను కన్ను మూయలేదు. మూడున్నరకు చిన్నవాడు నీళ్ళలోంచి బయటికి రానన్నాడు. చేయి పట్టి లాగితే నా కడుపులో తన్ని, అవ్వ అయితే ఉండనిచ్చేదని అరిచాడు.

నా చేయి లేచింది. అది లేచిన సంగతి వాడి ముఖం చూస్తేగానీ నాకు తెలియలేదు. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు అరచేతులూ రెండు చెంపలకు అడ్డం పెట్టుకున్నాడు. మూడేళ్ళ వయసులో తిన్న దెబ్బ వాడికి గుర్తుండదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ తడి నేల మీదే కూలబడి, చేయి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్తగారు పక్కన లేకపోవడం అప్పుడు భరించలేకపోయాను.

"అమ్మకు అలుపొచ్చింది కణ్ణు," అన్నాను. "కొంచేపు కూకుంటాను."

చాలాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, నా ఒళ్ళో ఉన్న చేతిని చూసి, ఒక చేయి దించాడు. రెండోది ఇంకా చెంప మీదే ఉంది.