మోటారు షెడ్డు ముందర తీసిన ఫొటో

మొన్న పెన్షన్ కోసం, ఇంకా బతికే ఉన్నామని తెలిపే ధ్రువపత్రాన్ని సెల్‌ఫోన్‌లో యాప్‌కు ఎక్కిద్దామని కూర్చుంటే, ఈ యాప్‌కు మీ ఫొటోలన్నీ చూపించాలా, మీరు ఎంచినవి మాత్రమే చూపించాలా అని ఫోను అడిగింది. పక్కింటావిడ ఏదో ఒకటి నొక్కెయ్యమంటోంది గానీ నా వేలు కదల్లేదు. ప్రొద్దుటూరు ఎండకు ఇల్లంతా ఉడికిపోతుంటే, ఆ ప్రశ్న వంకే చూస్తూ కూర్చున్నాను.

మన వయసు ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది, బళ్లలోకి ఈ పెద్ద ఫోన్లు వచ్చిన కొత్తలో మనం పడ్డ అవస్థ. అప్పుడు నేను జమ్మలమడుగు దగ్గరి పల్లెలో టీచరుగా ఉన్నాను. రోజూ పిల్లలు అన్నం తినేటప్పుడు ఫొటో తీసి మండలం టీచర్ల గ్రూపులో పెట్టాలని ఆజ్ఞ వచ్చింది. సుద్దముక్క తప్ప మరొకటి పట్టని చేతితో గ్యాలరీ తెరిచి, ఫొటో మీద వేలు అదిమిపట్టి, షేర్ నొక్కి, గ్రూపు వెతికి పంపడం నాకు రోజూ ఒక పరీక్షగా ఉండేది.

అంతకు నాలుగేళ్ల ముందే మా తమ్ముడు ఇల్లు విడిచాడు. వాడు మా ఊరి నాయకుడొకాయన దగ్గర జీపు తోలేవాడు. మా నాన్న మిషను బడిలో చదివి టీచరైనవాడు, వాడినీ చదివించాలని చూశాడు గానీ, వాడికి స్టీరింగు మీద ఉన్న ఇష్టం పుస్తకం మీద లేకపోయింది. ఒకరోజు ఆ జీపులో వెళ్లినవాళ్లు ఎదుటి పార్టీ మనిషిని చంపి వచ్చారు. జీపు తోలింది మా తమ్ముడే. ఎక్కడికి పోతున్నదీ తనకు తెలియదని నా దగ్గర ఏడ్చాడు. నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను. బెయిలు మీద వచ్చాక ఊళ్లో ఉంటే బతకనివ్వరని తెలిసి, పులివెందుల అవతల మా అక్కావాళ్ల చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య, దాచిపెట్టాం. పోలీసులకూ కోర్టుకూ కాక ఆ సంగతి మా ఇంటివాళ్లకే తెలుసు.

ఒక ఆదివారం మా అక్క మనవరాలికి పులివెందుల చర్చిలో బాప్తిస్మం ఇప్పించి, అందరం భోజనానికి తోటకు వెళ్లాం. చర్చికి రాలేని తమ్ముడు మోటారు షెడ్డు ముందర మంచం మీద కూర్చుని బిడ్డను ఒడిలో పెట్టుకున్నాడు. ఎన్నేళ్లకో వాడి ముఖంలో నవ్వు కనిపించి ఫోను తీశాను.

"నన్ను తీయాకక్కా" అన్నాడు.

"నా ఫోన్లోనే ఉంటుంది లేరా" అని తీసేశాను.

మరునాడు మధ్యాహ్నం పిల్లలు గుడ్లు తింటున్న ఫొటో గ్రూపుకు పంపి, ఫోను బల్ల మీద పెట్టి, పప్పు వడ్డిస్తున్నాను. మా హెడ్మాస్టరు వచ్చి, "ఏం మేడమ్, ఇంటి ఫొటోలు గూడా పెట్టినావే, బిడ్డ శానా ముద్దుగా ఉంది" అన్నాడు. గరిటె అక్కడే వదిలి చూశాను. గుడ్ల ఫొటోతో పాటు దాని పక్కనున్న నాలుగు ఫొటోలకూ నా వేలు తగిలినట్టుంది, ఐదూ వెళ్లిపోయాయి. మూడోదానిలో మా తమ్ముడు, వాడి వెనక షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో రాసిన మా బావ పేరు, ఊరి పేరు. పంపినదాన్ని వెనక్కు తీసుకునే వీలు అప్పటికింకా రాలేదు. నా ఫోన్లో చెరిపేసినా తక్కిన నలభై మంది ఫోన్లలో అది అలాగే ఉంటుంది. ఆ నలభై మందిలో ఒకాయన, హతుడి పెదనాన్న కొడుకు.

అక్కకు ఫోన్ చేస్తే తోటలో సిగ్నల్ లేదు, బావది స్విచ్ఛాఫ్. సెలవు చీటీ రాసిచ్చి జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటుతుండగా ఫోను మోగింది. ఆయనే. రెండుసార్లు మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. మూడోసారి ఎత్తాను. ఎప్పుడూ మేడమ్ అని తప్ప పిలవని మనిషి ఆరోజు అక్కా అన్నాడు.

"అక్కా, ఆ ఫొటో జూసినా. మా ఇంట్లో పిల్లోళ్ల కంట బడకుండా తీసేసినా. అయితే గ్రూపులో మావోళ్లు ఇంకొకరుండారు. నీ తమ్మున్ని ఆడ ఉండొద్దని చెప్పు."

బస్సు మోతలో ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"నేను ఫోన్ చేసినట్టు యాడా చెప్పాకు" అని పెట్టేశాడు.

ఆయన మాట నిజమో, తమ్ముణ్ణి బయటికి రప్పించే ఎత్తో అని దారి పొడుగునా తేల్చుకోలేకపోయాను. తోట చేరేసరికి తమ్ముడు చెట్లకు పాదులు తీస్తున్నాడు. నేను తప్పు ఒప్పుకుంటే చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. బావ బండి మీద తీసుకెళ్లి కదిరి బస్సెక్కించాడు. మూడోరోజు ఎవరో ఇద్దరు జీపులో వచ్చి, కాయలు కోసి పదిరోజులైన తోటలో కాయల ధర అడుగుతూ, షెడ్డు లోపలంతా తొంగిచూసి వెళ్లారట.

ఆ తర్వాత ఆరేళ్లు మండలం మీటింగుల్లో ఆయనా నేనూ ఒకే రిజిస్టరులో సంతకాలు పెట్టాం, ఒక్కమాట మాట్లాడుకోలేదు. ఆయన రిటైరైన రోజు మాత్రం ధైర్యం చేసి పక్కకు పిలిచి, మీ రుణం తీర్చుకోలేనన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నీ తమ్ముని కోసరం గాదక్కా. ఆపొద్దు మా చిన్నమ్మ ఏడ్సింది జూసినా. ఇంకో ఆడమనిషి అట్ల ఏడ్సేది జూడలేక చెప్పినా."

ఇప్పుడాయన లేడు. కేసు కొట్టేశాక తమ్ముడు ప్రొద్దుటూరు వచ్చి ఆటో తోలుకుంటున్నాడు. పెళ్లీడంతా పరాయి ఊళ్లలో గడిచిపోయింది, జుట్టు నెరిసింది. ఏ నాయకుడి జీపు తోలాడో ఆయన కొడుకూ, ఎదుటి పార్టీ నాయకుడి కొడుకూ పోయిన ఎన్నికల్లో ఒకే పార్టీలో చేరి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఫ్లెక్సీల్లో నవ్వుతున్నారు. ఆ ఫ్లెక్సీ ఫొటోను ఎవరెవరో నాకు రోజంతా పంపుతూనే ఉన్నారు. తగాదా సమసిపోవడం మంచిదే, కాదనను. అయితే అంత తేలిగ్గా కలిసిపోగలిగినవాళ్లు నా తమ్ముడి యౌవనం పోకముందే, ఆ చిన్నమ్మ కొడుకు పోకముందే ఎందుకు కలవలేకపోయారని అడగడానికి నాకు ఎవరూ కనిపించడం లేదు.