కత్తెరక్క ఆడిన ఆట

ఆసుపత్రి సిబ్బందికి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె కటింగ్ మాస్టరు. నలభై పొరల గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కోత మిషను పెట్టిందంటే అడుగు పొరలో కూడా నూలుపోగంత తేడా వచ్చేది కాదు. అక్కడ ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ కత్తెరక్కే. మాటలోనూ అంతే, ఎక్కడ కొయ్యాలో సరిగ్గా అక్కడే కోసేది.

ఇంట్లో ఆమె పెద్దకోడలు. భర్త బస్సు డ్రైవరు. మామగారు రైల్వే టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. చెవులు సరిగ్గా వినపడవు, పగలంతా ముందుగదిలో పేపరు వెనకాలే ఉంటారు. మరిదికి పెళ్ళయినప్పుడు, కొత్తగా కాపురానికొస్తున్న పిల్ల కదా అని, రెండువైపులా కిటికీలున్న తన పైగదిని ఎవరూ అడక్కుండానే ఖాళీ చేసి, తాను మెట్ల కింద గదిలోకి దిగింది. నాలుగేళ్ళయింది. ఆ సంగతి మళ్ళీ ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తనందుకే ఆమెకి లోపలెక్కడో గుచ్చుకుంటూ ఉండేది.

తోడికోడలు ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె కంప్యూటరు ముందుగదిలో మూలన ఉండేది. ఒకసారి కార్ఖానావాళ్ళు కొత్త కొలతల కాగితాలు మెయిల్లో పంపితే, నా కంప్యూటర్లోనే చూసుకో అక్కా అని తనే పాస్‌వర్డు చెప్పి ఆఫీసుకి వెళ్ళింది. కత్తెరక్క ఆరింటి షిఫ్టుకి వెళ్ళి రెండింటికి వచ్చేది. ఆ మధ్యాహ్నం కంప్యూటరు తెరిస్తే, మూయడం మరిచిపోయిన ఆట ఒకటి కనబడింది.

బొమ్మమనుషుల్ని తయారుచేసి, వాళ్ళకి ఇల్లు కట్టించి, కాపురం చేయించే ఆట అది. ఇల్లు చూడగానే పోల్చుకుంది. తమదే. మామగారి బొమ్మ ఉంది, కాకపోతే జుట్టు ధారాళంగా ఇచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, తోడికోడలూ ఉంది. మెట్ల కింద మంచంమీద, ముడి వేసుకుని కళ్ళజోడు పెట్టుకున్న బొమ్మ ఉంది. దానిమీద నొక్కితే గుణాలు వచ్చాయి: శుభ్రం పిచ్చి, కోపిష్టి, అసూయ.

కత్తెరక్క ఆ మూడోమాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. తర్వాత పైగదిలోకి చూసింది. తను వదులుకున్న గదిలో, కిటికీ పక్కన, నీలం స్వెటరు వేసుకున్న ముసలావిడెవరో హాయిగా కుర్చీలో కూర్చుని ఉంది. ఇంట్లో అలాంటి మనిషే లేదు. ఊరూపేరూ లేని బొమ్మకిచ్చింది గానీ ఆ గది నాకివ్వడానికి చెయ్యి రాలేదన్నమాట అనుకుంది.

కొలతల కాగితాలు ఆ రోజు చూడలేదు. ఆట ఎలా ఆడాలో చూసింది. నాలుగు రోజుల్లో చేతికొచ్చింది. మొదటి దెబ్బగా తోడికోడలి బొమ్మని వారం రోజులు ఆఫీసుకి పోనివ్వలేదు. ఉద్యోగం ఊడింది. అంతటితో ఆట భద్రపరిచి, లేచి చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు తెరిస్తే తన బొమ్మకి బోడిగుండు.

అంటే చూసిందన్నమాట. ఎవరి పనో తెలుసుకుంది కూడా. అయినా నోరు మెదపలేదు. సాయంత్రం టీ ఇస్తూ, చక్కెర సరిపోయిందా అక్కా అని ఎప్పటిలాగే అడిగింది. సరిపోయిందమ్మా అని కత్తెరక్క కూడా నవ్వుతూనే తాగింది.

అలా రెండు వారాలు నడిచింది. ఈవిడ ఆ బొమ్మ గీతలబల్ల అమ్మేస్తే, ఆవిడ ఈ బొమ్మకి స్నానాలగది లేకుండా చేసింది. ఈవిడ ఆ బొమ్మతో పొద్దస్తమానం అంట్లు తోమిస్తే, ఆవిడ ఈ బొమ్మకి కోడి వేషం వేసి వీధిలో నిలబెట్టింది. పైకి మాత్రం ఇద్దరూ పాలూ నీళ్ళూ. ఈ మధ్య కోడళ్ళిద్దరికీ కంప్యూటరు మీద శ్రద్ధ పెరిగిందని మామగారు సంతోషించారు.

కోడి వేషం చూసిన రోజు కత్తెరక్కకి అరికాలిమంట నెత్తికెక్కింది. దెబ్బ తగలాల్సిన చోట తగలడం లేదనిపించింది. బొమ్మ ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది, బల్ల మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ పిల్లకి నొప్పి పుట్టేదెక్కడ? గుర్తొచ్చింది. తోడికోడలి బొమ్మ ఎన్ని పనులున్నా రోజూ సాయంత్రం పైగదికి వెళ్ళి, ఆ నీలం స్వెటరావిడ పక్కన కూర్చునేది.

మౌసు పట్టుకుని పైగది తలుపు తీసేసింది. తలుపున్న చోట గోడ పెట్టేసింది.

ఆటలో మూడు రోజులంటే బయట ముప్పావుగంట. ముసలావిడ గోడ దగ్గరికి వచ్చింది, చేతులూపింది. ఆకలి చూపే గీత పసుపై, ఎరుపై, ఖాళీ అయింది. గోడకి ఇవతల తోడికోడలి బొమ్మ నిలబడి తల పట్టుకుంది. చివరికి ఆ ఆటలో యముడిలాంటి నల్ల ముసుగు మనిషొకడు గదిలో వెలిశాడు. వాడు పోయాక నేలమీద చిన్న సమాధిరాయి మిగిలింది. పాత ఆట చెరిపేసి దానిమీదే కొత్తది భద్రపరచాలా అని కంప్యూటరు అడిగింది. కత్తెరక్క అవుననే నొక్కింది. నలభై పొరలూ ఒకే కోతలో తెగినప్పుడు కలిగే తృప్తి కలిగింది.

ఆ సాయంత్రం తోడికోడలు చెప్పులైనా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కత్తెరక్క చిక్కుళ్ళు తుంచుతోంది.

"పైగదిలో ఆవిడెవరో తెలుసా?"

"ఎవరైతేనేం, ఆటలో బొమ్మేగా."

"మా అమ్మ."

కత్తెరక్క చెయ్యి ఆగింది. ఆ పిల్ల తల్లి పెళ్ళికి ఏడాది ముందే పోయింది. ఈ ఇంట్లో ఆవిడని చూసినవాళ్ళు లేరు. ఆ మొహం కుదర్చడానికి నెలన్నర పట్టిందని తోడికోడలు నెమ్మదిగానే చెప్పింది. అచ్చు ఆవిడలాగే నవ్విన రోజు ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చుందట.

"ముందే చెప్పుంటే నాకు తెలిసేదిగా" అంది కత్తెరక్క.

"మీకెందుకు చెప్పాలి?"

నాలుగేళ్ళలో ఆ పిల్ల ఆమెని మీరు అనడం అదే మొదటిసారి. అక్కా అన్న పిలుపూ లేదు. ఆ గౌరవం చెంపమీద కొట్టినట్టు తగిలింది. తప్పయిపోయింది అందామని వచ్చిన మాట కాస్తా గొంతులోనే మరో మాటగా మారిపోయింది.

"మరి నన్ను మెట్ల కింద పడుకోబెట్టావే?"

"మీరు పడుకునేది అక్కడేగా. ఉన్నది ఉన్నట్టు గీశాను."

"ఆ గది నీకిచ్చిందెవరు?"

"నేనడిగానా?"

ముందుగదిలోంచి మామగారు, టీ అయిందా అమ్మా అని కేకేశారు. ఇద్దరూ ఒకేసారి అయిందన్నారు.

అక్కడితో మాటలు తెగిపోయాయి. మూడు రోజుల తర్వాత ఉండబట్టలేక కత్తెరక్క ఆట తెరిచింది. పాస్‌వర్డు మారలేదు. చూసుకోమనే మార్చలేదని తర్వాత అర్థమైంది. తన బొమ్మకి జుట్టొచ్చింది, మంచి బట్టలొచ్చాయి, రెండంతస్తుల ఇల్లొచ్చింది. అన్ని గీతలూ నిండుగా ఆకుపచ్చగా ఉన్నాయి. కానీ ఆ ఊళ్ళో ఇంకో మనిషి లేడు. మొగుడు లేడు, మామగారు లేరు, పక్కింటివాళ్ళు లేరు. వీధి చివరిదాకా వెతికింది. అంత పెద్ద ఇంట్లో ఆ బొమ్మ ఒక్కతే సోఫామీద కూర్చుని గోడతో నవ్వుతూ కబుర్లు చెబుతోంది. కత్తెరక్క చటుక్కున కంప్యూటరు కట్టేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర భర్త ఏదో అడిగితే కసిరింది.

రెండు నెలలకి మరిదీ అతని భార్యా వేరే ఇల్లు చూసుకున్నారు. ఆఫీసుకి దగ్గరని మరిది అందరికీ చెప్పాడు. సామాను తరలించే రోజు కంప్యూటరు తెరని ఇద్దరాడవాళ్ళూ చెరోవైపు పట్టుకుని గేటుదాకా మోశారు. వెనక్కి నడుస్తున్న కత్తెరక్కతో, మెట్టుందండీ చూసుకోండి అంది తోడికోడలు. అంతకుమించి మాటల్లేవు. క్షమించమని ఈవిడ అనలేదు, అనాలని ఆవిడా చూడలేదు.

తర్వాత మామగారు ఆదివారాలు చిన్నకొడుకు ఇంటికి వెళ్ళొచ్చేవారు. ఒకసారి వచ్చీ రాగానే పెద్దకోడల్ని పిలిచారు.

"నువ్వంటే దానికి ఎంత ప్రేమోనమ్మా. కంప్యూటర్లో నీ బొమ్మ చేసి పెట్టుకుంది."

"ఏం చేస్తోంది మామయ్యా నా బొమ్మ?"

"ఇల్లు ఊడుస్తోంది. నేనున్నంతసేపూ ఊడుస్తూనే ఉంది పాపం. ఎవరో పెద్దావిడ, నీలం స్వెటరు వేసుకుంది, కుర్చీలో కూర్చుని చూస్తోంది."

 ఆవిడ మళ్ళీ లేచి కూర్చుందని విన్నప్పుడు కత్తెరక్కకి ఛాతీమీంచి బరువేదో దిగినట్టయింది. ఊడ్పు సంగతి తలుచుకునేసరికి ఒళ్ళు భగ్గుమంది. ఈ రెండూ కలిసి ఆమెని ఆ పూటంతా కుదురుగా ఉండనివ్వలేదు.

సోమవారం షిఫ్టు అవగానే కార్ఖానా ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. పాత కంప్యూటర్లు అమ్మే కొట్టు ఎక్కడుందని అడిగింది. కొలతల పనికైతే చిన్నది చాలక్కా అన్నాడతను.

"చిన్నది చాలదు" అంది కత్తెరక్క. "ఆట ఆడాలి."