మాంటెవీడియో గోడ మీద బావ దాచిన మాట

మా బావ పోయాడని మొన్న సోమవారం పొద్దున ఫోను వచ్చింది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎనిమిదేళ్లుగా నేను అడుగుతున్న ఒక్క మాటకు జవాబు చెప్పకుండానే పోయాడు. నా చదువు ఐదో తరగతితో సరి. తీపి చేసి రాయడం చేతకాదు.

మార్కాపురం దగ్గర పలకరాయి కోసే షెడ్డు ఆయనది. మా అక్కను చేసుకున్నాక నన్ను పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. అన్నం పెట్టిన మనిషి, కాదనను. రాయిని వేలితో తట్టి, చప్పుడు విని, "ఇది నిలవదు, పక్కన పడెయ్" అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు. దగ్గు అప్పటికే ఉండేది. "దుమ్ము తినేటోనికి దగ్గు రాకుంటే పాటొస్తాదా?" అని నవ్వేవాడు.

ఎనిమిదేళ్ల కింద రాయి కొనే వ్యాపారి మా ఇద్దరినీ దక్షిణ అమెరికాలోని మాంటెవీడియోకు పిలిపించాడు, మన రాయి పరిచే పద్ధతి అక్కడి మేస్త్రీలకు చూపించమని. మధ్యాహ్నానికి పని అయిపోయేది. ఆపైన ఊరంతా సముద్రం ఒడ్డు గోడ మీదే. ఎవరికీ తొందర లేదు. ముక్కూ ముఖం తెలియనివాడికి కూడా జరిగి చోటిస్తారు. చిన్న సొరబుర్రలో ఏదో చేదు ఆకు వేసి, వేడినీళ్లు పోసి, ఒకే గొట్టంతో వరసగా అందరూ పీలుస్తారు.

మా బావ ఇంకొకరి గ్లాసు ముట్టని మనిషి. మొదటిరోజు పెదవి ఆనకుండా, తల పైకెత్తి సొరబుర్రను నోట్లోకి వంచాడు. ఆకూ నీళ్లూ గడ్డం మీద పడ్డాయి. గోడ మీద వాళ్లంతా నవ్వారు.

"ఏంది బావా, స్నానమా?" అన్నాను.

"నోరు మూసుకోరా బామ్మర్దీ. ఎంగిలి తాగినానని మీ అక్కకు చెప్పినావంటే నిన్నీడే వదిలేసి పోతా."

మూడోరోజుకు తనే ముందు చేయి చాపాడు. "మనూర్లో ఊరికే కూచుంటే పనిలేనోడంటారు. వీళ్లు చూడు, మనిషి కనబడితే కూచోమంటారు" అన్నాడు. ఆయన అంత తీరిగ్గా కూర్చోవడం మళ్లీ చూడలేదు.

చివరి ఆదివారం బావకు దగ్గు తెర వచ్చింది. అక్కడ రోజూ సొరబుర్ర నింపి ఇచ్చే ముసలాయన కూడా ఒకప్పుడు రాయి కోసినవాడే. నవ్వు ఆపి లేచి వచ్చి, బావ వీపుకు చెవి ఆనించాడు. హిందీ తెలిసిన మా దుబాసీని పిలిచి ఏదో చెప్పాడు, అతను దాన్ని బావకు హిందీలో చెప్పాడు. హిందీ బావకు వచ్చు, నాకు రాదు. అందరూ బావను పాడె మీది మనిషిని చూసినట్టు చూశారు.

"ఏమన్నాడు బావా?"

"వాన వస్తాదంట."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

తిరిగొచ్చిన నెలలోపే తన కొడుకును షెడ్డులో రాయి కోసే రంపం దగ్గర నుంచి తీసేసి, గిద్దలూరులో బట్టల దుకాణం పెట్టించాడు. ఆ రంపం దగ్గర నా కొడుకును నిలబెట్టాడు. "నీ కొడుకుది నికరమైన చెయ్యిరా" అన్నాడు. నేను పొంగిపోయాను.

రెండేళ్లుగా నా కొడుకు దగ్గుతున్నాడు. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి పోదామంటే, "మామ ఇట్లనే దగ్గుతా ఇన్నేండ్లు బతకలేదా నాయనా?" అని నన్నే అడిగేవాడు. ఆ ముసలాయన ఏమన్నాడని బావను అడిగినప్పుడల్లా ముఖం తిప్పుకున్నాడు. పోయే ముందువారం నా చేయి పట్టుకుని నోరు తెరిచాడు. దగ్గే వచ్చింది.

ఇక అడగాల్సింది ఆయన కొడుకునే. అల్లుడా, నిన్ను దుకాణానికి పంపిననాడు మీ నాయన ఏం చెప్పినాడు? మైలకని షెడ్డు మూసినారు. పదకొండోనాడు, గురువారం పెద్దకర్మ. శుక్రవారం పొద్దున రంపం తిప్పాలని నా కొడుక్కు అప్పుడే నీ కబురొచ్చింది. గురువారం పొద్దు గుంకేలోగా మా ఇంటికి రా. వాడి ఎదురుగా కూచుని, వాడి ముఖం చూసి చెప్పు.