బావ జీపూ, అత్తయ్యగారి రుబ్బురోలూ

ఒక ఆదివారం సాయంత్రం నేను ఒకే ఒక్క ప్రయోగంతో ఒక జీపును, ఒక నాపరాయిని, మా బావ ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆశను కలిపి చదును చేశాను. అదీ సైన్సు పేరుతో. మీ ఇంట్లో మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేవాళ్లు ఉంటే ఇది పూర్తిగా చదవండి. చదివాక ఇంట్లో బరువైన వస్తువులన్నీ దాచేయండి.

అప్పట్లో నేను నాంపల్లి స్టేషన్ వెనక సందులో అక్కావాళ్లింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. బావకు ఒక పాత జీపు ఉండేది. దాన్ని వికారాబాద్ వైపు తీసుకెళ్లి రాళ్లలో, బురదలో నడపడమే ఆయనకు పండగ. అక్కను కూడా రమ్మని పెళ్లయినప్పటి నుంచీ బతిమాలుతున్నాడు. అక్క ఒకటే మాట అనేది.

"అది బోల్తా కొడితే నా తల మీద ఏముంటుంది, గుడ్డ టాపు. ముందు దాని సంగతి చూడండి."

చివరికి బావ జీపుకు రోల్ కేజ్ కట్టించాలని నిర్ణయించాడు. అంటే జీపు తలకిందులైనా లోపలివాళ్ల తలలు పగలకుండా చుట్టూ బిగించే పైపుల పంజరం. అది కడితే వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని అక్క మాటిచ్చింది. బావ ఇల్లంతా కూనిరాగాలు తీస్తూ తిరిగాడు. ఆ మనిషి సంతోషాన్ని అలాగే వదిలేసి నేను నా పరీక్షలకు చదువుకోవచ్చు కదా. చదువుకోలేదు.

వెల్డింగ్ చేసే యూసుఫ్ భాయ్ రెండు పైపు ముక్కలు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఒకటి సన్నగా, మందమైన గోడతో ఉంది. రెండోది లావుగా, పల్చటి గోడతో ఉంది. రెండిటి తూకమూ ఒకటే.

"గీ సన్నదే తీస్కోండ్రి సార్. గోడ మందమున్నది. గా లావుది రేకు డబ్బా లెక్క సొట్టలు పడ్తది."

ఆ పొద్దున్నే నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంజనీరింగ్ పుస్తకం ఒకటి కొన్నాను. అందులో ఒక అధ్యాయం చదివాను. ఒక్క అధ్యాయం చదివినవాడంత ప్రమాదకరమైన మనిషి లోకంలో ఉండడు.

"భాయ్, తూకం ఒకటే అయినప్పుడు లావు పైపే తక్కువ వంగుతుంది. ఇనుము మధ్య నుంచి ఎంత దూరంగా జరిగితే అంత మొండిగా నిలబడుతుంది."

"జీపు పుస్తకంల బోల్తా కొడ్తదా, రాళ్లల్ల కొడ్తదా?"

"మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చండి. పని మొదలవ్వాలి," అన్నాడు బావ.

"నిరూపిస్తాను," అన్నాను. ఎవరూ అడగలేదు. గమనించగలరు.

నిరూపించడానికి బరువు కావాలి. ఇంట్లో అన్నిటికంటే బరువైనది బావ వాళ్లమ్మగారి రుబ్బురోలు. వాళ్ల కుటుంబం గుడివాడ నుంచి హైదరాబాదుకు వచ్చినప్పుడు లారీలో తెచ్చుకున్న రోలు అది. మిక్సీలు ఎన్ని వచ్చినా గోంగూర పచ్చడి మాత్రం అందులోనే.

"అత్తయ్యగారూ, రోలు కాసేపు ఇస్తారా?"

"ఎందుకు నాయనా, పచ్చడి చేస్తావా?"

"పైపుల బలం చూడాలండీ. రోలయితే బరువుగా ఉంటుందని."

"నీ తలకాయ కూడా బరువుగానే ఉంది కదా, అది వేలాడదీసుకో."

అయినా బావ మొహం చూసి ఇచ్చారు. ముగ్గురం దాన్ని దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చాం. ఇప్పుడు పైపుకు రెండు వైపులా ఆధారం కావాలి. ఒక వైపు ప్రహరీ గోడ ఉంది. రెండో వైపు స్టూలు పెడితే ఎత్తు చాలలేదు. డైనింగ్ టేబుల్ అడిగితే అక్క తలుపేసుకుంది. అప్పుడు నా కళ్లు జీపు మీద పడ్డాయి. బానెట్ సరిగ్గా గోడ ఎత్తే ఉంది.

"గీతలు పడవు కదా?" అన్నాడు బావ.

"అంత ఆలోచించకుండా చేస్తానా బావగారూ?" అంటూ బానెట్ మీద గోనెసంచి మడతపెట్టి పరిచాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను.

ముందు సన్న పైపు పెట్టి, మధ్యలో తాడుతో రోలు వేలాడదీశాం. పైపు కాస్త వంగింది. ఎక్కడో టక్కుమంది.

"ఏంది గా సప్పుడు?" అన్నాడు భాయ్.

"మీ పైపు మూలుగుతోంది."

తర్వాత లావుది పెట్టాం. దాదాపు వంగనే లేదు. ఇక్కడితో ఆపినా బాగుండేది. కానీ భాయ్ ఒప్పుకోలేదు.

"గింత బరువుకేమైతది. జర ఎక్కువేసి సూడుండ్రి."

నాకు పౌరుషం వచ్చింది. రోలు పక్కనే పైపు మీద గుర్రమెక్కినట్టు ఎక్కి కూర్చున్నాను.

"వంగిందా భాయ్?"

"లేదు గానీ సార్..."

"గానీ లేదు గీనీ లేదు. పైపు వంగిందా, లేదా?"

"పైపు వంగలే. మరి మీరెందుకు కిందికొస్తున్రు?"

నేను కిందికి రావడం నిజమే. రంగు కింద తుప్పు పట్టిన ఆ బానెట్ రేకు పైపు చివరను మోయలేక ఇంజన్ మీదికి కుంగిపోతోంది. పైపు జారింది. ముందు రోలు పడింది, దాని వెనక నేను పడ్డాను. రోలు కింద వాకిట్లో పరిచిన నాపరాయి రెండు ముక్కలైంది. పగిలిన రేడియేటర్ నుంచి నీళ్లు వాకిలంతా పారాయి. అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చి రోలును నాలుగు వైపులా తడిమి చూసి, "దేవుడి దయ, ఏమీ కాలేదు," అన్నారు. నన్ను ఎవరూ తడమలేదు. బానెట్ మీద గీత మాత్రం ఒక్కటీ పడలేదు.

బావ తిట్టలేదు. కుంగిన బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అంత పాత జీపుకు సామాను వారంలో దొరకదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అసలు మండాల్సింది తర్వాత నేనన్న మాటకు.

"మొత్తానికి లావుదే గట్టిదని తేలింది కదండీ," అన్నాను.

అక్క అప్పుడే తలుపు తీసి బయటికొచ్చింది. జీపును చూసింది, పైపును చూసింది, నన్ను చూసింది.

"పైపు భేషుగ్గా ఉందిరా. దానికే నాలుగు చక్రాలు బిగించండి, నేనొస్తాను."

బావకు నవ్వు ఆగలేదు. తర్వాతి ఆదివారం అక్కను స్కూటర్ మీద అబిడ్స్ తీసుకెళ్లాడు. గుంతలు, రాళ్లు, బురద అన్నీ దారిలోనే దొరికాయని అక్క తిరిగొచ్చి చెప్పింది.

నేను మాత్రం స్నానం చేసి, తడి తలతోనే రోలు ముందు నిలబడ్డాను. ఇక ఈ జన్మలో ఏ పైపునూ ఏ పైపుతోనూ పోల్చనని, ఎవరడిగినా రెండూ గట్టివేనంటానని రోలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేయబోయాను.

"ఆ ప్రమాణమేదో అక్కణ్ణుంచే చెయ్యి నాయనా, రోలును ముట్టుకోకు," అన్నారు అత్తయ్యగారు.