పంతొమ్మిదో నంబరు బిళ్ళ

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎవరైనా మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టి దాని జబ్బు ఏమిటో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేస్తారు. చక్రం రెండుసార్లు తిప్పి, తల వంచి చెవి ఆనిస్తారు. లోపల దారం ముక్క ఇరుక్కుందనో, పళ్ళచక్రం అరిగిందనో అంటారు. విప్పి చూస్తే అదే ఉంటుంది. ఇనుము చెప్పేది విన్నంత శ్రద్ధగా మనుషులు చెప్పేది ఆయన వినగా నేను చూడలేదు.

ఆగిపోయిన మిషన్ అంటూ ఏదీ ఉండదని, దొరకని పార్టు ఉంటుందంతేనని ఆయన ఎప్పుడూ అనే మాట. మెచ్చుకునేవాళ్ళ ముందు ఇంకో రెండుసార్లు ఎక్కువ అనేవారు.

మా ఇంటి ముందుగదే దుకాణం. నూనె తాగి నల్లబడిన పొడుగాటి బల్ల, దాని మీద డబ్బాలు. ఏ డబ్బాలో ఏముందో రాసుకోరు. సూదుల డబ్బా మూతకి సూది, స్క్రూల డబ్బా మూతకి స్క్రూ అతికించి ఉంటాయి. వెనక గోడకి పెద్ద అర. అర మీద మిషన్లు వరసగా కూర్చుని ఉంటాయి.

ఆ వరస ఆయనకి ప్రాణం. రేకు కత్తిరించి, ఒకటి నుంచి నలభై దాకా అంకెలు కొట్టి, జతలు జతలుగా బిళ్ళలు చేసుకున్నారు. జతలో ఒకటి మిషన్‌కి కడతారు, రెండోది తెచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. నంబరు వచ్చేదాకా ఎంతటివాళ్ళ మిషన్ అయినా బల్ల ఎక్కదు. మా వదిన, అంటే ఆయన సొంత అక్క, ఒకసారి తన మిషన్ తెస్తే ఇరవై మూడు ఇచ్చారు. తోడబుట్టినదానికి ఇరవై మూడా అని ఆవిడ నిష్ఠూరమాడితే, ఇరవై రెండు అప్పటికే ఎవరో పట్టుకెళ్ళారక్కా అని చాలా మర్యాదగా చెప్పారు. ఆవిడ రెండు నెలలు మా గడప తొక్కలేదు. ఆ సంగతి చెప్పుకుని నేనూ నవ్వేదాన్ని. నిక్కచ్చి మనిషి దొరికాడని మురిసిపోయేదాన్ని కూడా.

ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ, బాగుచేయించుకున్న మిషన్ తీసుకుని, ఒక అట్టపెట్టె మా పాపకిమ్మని వదిలి వెళ్ళింది. అందులో రేకు రైలుబండి ఉంది. ఆవిడ చిన్నప్పటిదట. ఆకుపచ్చ ఇంజను, రెండు పెట్టెలు, ముక్కలు ముక్కలుగా కలిపితే గుండ్రంగా అమరే పట్టాలు. ఇంజను పక్కన కీ తిప్పితే లోపల స్ప్రింగు బిగుసుకుని, వదిలితే బండి పరుగెత్తేది.

అప్పటికి మా పాపకి నాలుగేళ్ళు. ఒక్కచోట కుదురుగా ఉండదని పిచ్చుక అని పిలిచేవాళ్ళం. వచ్చిన వారానికే ఇంజనుని మెట్ల మీంచి కింద పడేసింది. ముందు చక్రం ఒకటి వంగింది. అప్పట్నుంచి బండి కుంటడం మొదలుపెట్టింది. టక్, టక్కుటక్. టక్, టక్కుటక్. ఆయన చక్రం సరిచేస్తానంటే పిచ్చుక ఒప్పుకోలేదు. దానికి కుంటమ్మ అని పేరు పెట్టి, తనూ ఒక కాలు ఈడుస్తూ దాని వెనకాల తిరిగేది. నా గోళ్ళరంగు సీసా తీసి వంగిన చక్రం మీద ఎర్రచుక్క పెట్టింది. తిరుగుతుంటే ఏ కాలు కుంటుతోందో తెలియాలట.

కీ పన్నెండు తిప్పుల కంటే ఎక్కువ తిప్పకూడదని ఆయన గట్టిగా చెప్పి ఉంచారు. పిచ్చుకకి ఏడో ఏడు నడుస్తుండగా ఒకరోజు పదమూడో తిప్పు తిప్పింది. లోపల టప్ మంది. వంటగదిలోకి వచ్చి నా చీర పట్టుకుని, నాన్నకి చెప్పకమ్మా అంది. నేనెందుకు చెప్తాను? ఆయన చెవి పెట్టి విని స్ప్రింగు తెగిందన్నారు. తెగడం ఎలా తెగిందో కూడా అర్థమయ్యే ఉంటుంది, ఏమీ అనలేదు. గోడ మేకుకి తగిలించి ఉన్న బిళ్ళల జత ఒకటి తీసి, ఒకటి కుంటమ్మకి కట్టి, రెండోది కూతురి చేతిలో పెట్టారు. పంతొమ్మిది. అప్పుడు బల్ల మీద ఉన్నది ఎనిమిది.

పిచ్చుక అలగలేదు, అదీ నా బాధ. ఎంతో గొప్పగా ఫీలయింది. పెద్దవాళ్ళకిచ్చినట్టే తనకీ బిళ్ళ ఇచ్చారని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంది. రోజూ పొద్దున్నే ముందుగదిలోకి వెళ్ళి, ఇవాళ ఎంతండీ అని వచ్చేపోయేవాళ్ళు అడిగినట్టే అడిగేది. ఇవాళ పదకొండమ్మా అని ఆయనా అలాగే చెప్పేవారు. ఇద్దరికీ అదొక ఆట. స్ప్రింగు ఒక్కటే కదా పోయింది, ముందు చూసేయకూడదా అని నేను ఒకసారి అన్నాను. ఇంట్లోవాళ్ళకే వరస తప్పితే బయటివాళ్ళకి ఏం మొహం పెట్టుకుని చెప్తానన్నారు. నేను మళ్ళీ అడగలేదు. మాట పొడిగించే అలవాటు నాకు ముందునుంచీ లేదు. ఉంటే బాగుండేది.

పదహారు బల్ల మీద ఉండగా పిచ్చుకకి జ్వరం వచ్చింది. జ్వరం వరసలో రాలేదు. మూడు రోజులు. ఆసుపత్రిలో దాని బట్టలన్నీ ఒక సంచీలో వేసి నా చేతికిచ్చారు. సంచీ అడుగున ఆ బిళ్ళ ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆయన అప్పుడు కుంటమ్మని బల్ల ఎక్కించారు. పదహారూ పదిహేడూ పద్దెనిమిదీ అలాగే ఉండిపోయాయి. అడగొచ్చినవాళ్ళు నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

మొదట కొలతల టేపు విప్పి అందులోని ఉక్కుపట్టీతో స్ప్రింగు చేయబోయారు. అది తెగి బొటనవేలు కోసింది. దర్జీలని, గడియారాలవాళ్ళని, పాత ఇనుము కొనేవాళ్ళని అడిగారు. చివరికి ఎవరో ఉందయ్య దగ్గరికి వెళ్ళమన్నారు. రెండు బస్సులు మారి వెళ్ళాలి. పాత బొమ్మలూ వాటి పార్టులూ పెట్టుకుని కూర్చునే ముసలాయన. ఏం అడిగినా ముందు "ఉంది" అంటాడని ఆ పేరు. కాకపోతే అతనికో పట్టుదల. పార్టు కావాలంటే అలాంటిదే పాతది, పాడైపోయినదైనా సరే, బదులు తెచ్చి ఇవ్వాలి. ఊరికే అమ్ముకుంటూ పోతే డబ్బులు మిగులుతాయి గానీ డబ్బాలు ఖాళీ అవుతాయని, రేపు ఇంకోడు వస్తే ఏం పెట్టాలని అతని వాదన. చెడిపోయినవాటిని తీరిగ్గా సరిచేసి మళ్ళీ డబ్బాలో వేస్తాడు. ఆయనకి తగ్గ మనిషే దొరికాడు.

తెగిన స్ప్రింగు ఇచ్చి స్ప్రింగు తెచ్చారు. అరిగిన పళ్ళచక్రం ఇచ్చి పళ్ళచక్రం తెచ్చారు. అలా పదకొండు నెలలు తిరిగారు. మధ్యలో ఒకరోజు నా పాత అన్నం గిన్నెలో బట్టలసోడా వేసి ఇంజను రేకుని మరగబెట్టారు. రంగు వేయాలంటే పాత రంగు ముందు ఊడిపోవాలట. ఆ ఆకుపచ్చ నీళ్ళు నేనే పారబోశాను, గిన్నె నేనే తోమాను. వదిన వచ్చి చూసి, మా తమ్ముడు దిగులంతా చేతుల్లోకి తెచ్చుకున్నాడు, నువ్వే గొంతులో పెట్టుకుని కూర్చున్నావంది. ఆయన చేతులకి ఏదో ఒక పని దొరికింది, నాకు గిన్నెలు తోమడం ఉంది.

ఒక మధ్యాహ్నం నన్ను ముందుగదిలోకి పిలిచారు. బల్ల మీద పట్టాలు గుండ్రంగా అమర్చి ఉన్నాయి. ఇంజను కొత్త పళ్ళెంలా మెరుస్తోంది. పన్నెండు తిప్పులు తిప్పి వదిలారు. బండి నూనె మీద జారినట్టు తిరిగింది. చప్పుడు లేదు. తొమ్మిది చుట్లు తిరిగి ఆగింది. ఆయన నా మొహం వంక చూస్తున్నారు. ఏమంటానో అని. పదకొండు నెలల్లో ఆయన నా మాట కోసం చూడడం అదే మొదటిసారి.

"ఎర్రచుక్క చక్రం ఏది?" అన్నాను.

"అది వంకరది కదే. ఉందయ్యకిచ్చాను. పాతది ఇవ్వందే అతను కొత్తది ఇవ్వడు."

"కుంటడం లేదు."

"కుంటకుండా ఉండాలనే కదా చేసింది" అన్నారు. నాకు అర్థం కావడం లేదనుకున్నట్టు నెమ్మదిగా, విడమరిచి అన్నారు.

మర్నాడు వంట చేసి మూత పెట్టి, రెండు బస్సులెక్కి వెళ్ళాను. కట్టెల అడితి వెనక ఇరుకు గది. నేల నుంచి కప్పు దాకా బిస్కెట్ డబ్బాలు. కిటికీ దగ్గర ఒంటికంటికి భూతద్దం పెట్టుకుని ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరి తాలూకో చెప్పి, ఎర్రచుక్క ఉన్న వంకర చక్రం కావాలన్నాను.

"ఉంది" అన్నాడు. లేచి వెతకను కూడా లేదు, మోకాలి దగ్గరున్న డబ్బా తీశాడు. "రేపు సుత్తి కింద పెట్టేవాణ్ణమ్మా. మంచి సమయానికి వచ్చావు." చక్రం వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాడు. కిరసనాయిల్లో కడిగినట్టున్నాడు, చుక్క సగం పోయింది. మిగతా సగం ఉంది.

చెయ్యి చాచాను. అతను గుప్పిట మూశాడు.

"ఖాళీ చేత్తో వచ్చావా?"

ఎంత కావాలన్నా ఇస్తానన్నాను. తల అడ్డంగా తిప్పాడు. చచ్చిపోయిన పిల్లదని చెప్పాను. భూతద్దం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తన దగ్గరికి బొమ్మలు తెచ్చేవాళ్ళలో సగంమంది అలాంటి మాటే చెప్తారని, ఒకళ్ళకి సడలిస్తే రెండోవాళ్ళకి ఏం చెప్పాలని అన్నాడు. అప్పుడు అతని మీద నాకు కోపం రాలేదు. ఆ మాట ఇదివరకు నేను ఇంట్లోనే విన్నాను. కోపం అక్కడికే పోయింది.

"మంచి చక్రం తెచ్చి వంకరది పట్టుకెళ్ళేవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. తే, మార్చి ఇస్తా. అప్పటిదాకా సుత్తి ముట్టుకోను" అన్నాడు.

ఇంటికొచ్చి, ఆయన ఎవరి ఇంటికో మిషన్ చూడ్డానికి వెళ్ళిన సమయం చూసి, బల్ల ముందు కూర్చున్నాను. ఆయన కూర్చునే పీట మీద నేను కూర్చోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని ముందు చక్రం స్క్రూ తిప్పుతున్నాను. రావడం లేదు. ఇంకా బిగుస్తోంది. వెనక చెప్పుల చప్పుడైంది.

"ఏం చేస్తున్నావే?"

"చక్రం విప్పుతున్నాను. ఇచ్చేసి పాతది తెచ్చుకుంటా."

"పదకొండు నెలలు పట్టింది దానికి."

"అప్పుడు స్ప్రింగుకి ఒక్క పూట చాలేది" అన్నాను. తల ఎత్తలేదు. "మీరు దాన్ని వరసలో పెట్టారు."

ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది అంతే. బయటికొచ్చాక చూస్తే నాలుగంటే నాలుగు మాటలు. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. చేతిలో పనిముట్ల సంచీ అలాగే ఉంది. నేను స్క్రూ తిప్పుతూనే ఉన్నాను. గుమ్మంలోంచి ఆయన మాట వినిపించింది.

"దానికి మరలు ఎదురు. కుడికి తిప్పితేనే ఊడుతుంది."

అలా చెప్పి, సంచీ కూడా దించకుండా వీధిలోకి వెళ్ళిపోయారు. కుడికి తిప్పాను. ఊడింది.

చక్రం మార్చుకుని తెచ్చి, నేనే బిగించాను. పన్నెండు తిప్పాను. టక్, టక్కుటక్. బియ్యం డబ్బాలో దాచిన పిచ్చుక బిళ్ళ తీశాను. కుంటమ్మ బల్ల ఎక్కినప్పుడు ఆయన విప్పి మేకుకి తగిలించిన దాని జతని కూడా తీసుకుని రెండూ కలిపి కుంటమ్మకి కట్టేశాను. అర మీద, మిషన్ల వరసలో, దాని చోట్లో దాన్ని పెట్టాను. మళ్ళీ పాడైన బండే కదా. వరసలోనే ఉండాలి.

ఆయన దాన్ని చూశారు. తీయలేదు. ఇంజను మీద దుమ్ము కూడా నేనే తుడుస్తాను. ఎప్పుడైనా దించి కీ తిప్పి వదిలితే, ఆయన లేచి ఏదో ఒక మిషన్ ముందు కూర్చుని తొక్కుతారు. సూదిలో దారం ఉండదు, కింద గుడ్డ ఉండదు. బండి ఆగేదాకా తొక్కుతూనే ఉంటారు. చప్పుడు విని జబ్బు చెప్పే మనిషికి ఆ ఒక్క చప్పుడూ వినపడకూడదు.

మిషన్లు మళ్ళీ వస్తున్నాయి. బిళ్ళలు మళ్ళీ ఒకటి నుంచి ఇస్తున్నారు. మొన్న ఇద్దరు ఒకేసారి వచ్చారు. ముందొచ్చినామెకి పద్దెనిమిది, వెనకామెకి ఇరవై ఇచ్చారు. వెనకామె గడుసుది. తన తరవాత వచ్చేవాళ్ళెవరికో మధ్యలో చోటు అట్టే పెట్టారా అని ఎకసెక్కెమాడింది. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. ఆయన నా వంక చూడలేదు.

"పంతొమ్మిది ముందే ఇచ్చేశానమ్మా" అన్నారు. "వాళ్ళింకా తీసుకెళ్ళలేదు."